కవితకు ముందు శాలువా

తెలుగు కవిత్వం వెయ్యేళ్లుగా కదలకుండా పడి ఉందన్న చేదు నిజాన్ని మొట్టమొదట కనిపెట్టినవారు డిజిటల్ సంస్కృతి శాఖ మంత్రివర్యులు శ్రీ సన్యాసిరాజు గారు. కనిపెట్టి ఊరుకోలేదు. విశాఖ బీచ్ రోడ్డులోని ఏసీ హాల్లో జరిగిన కవి సమ్మేళనంలో ఆ సంగతి లోకానికి చాటారు కూడా.

"పుస్తకం తెరిత్తే కవిత పడుకుని ఉంటాది. మూసినా పడుకునే ఉంటాది. ఇంతకు ముందు ప్రభుత్వాలు ఏటి సేసేయి? జో కొట్టేయి! మా ప్రభుత్వం లేపుతాది. అక్షరాలు నడుత్తాయి, పువ్వులు పూత్తాయి, సేపలు ఈదుతాయి. అన్నీ మీ సెల్లులోనే. దాని పేరు 'కదిలే కవిత' యాప్!"

హాలు చప్పట్లతో దద్దరిల్లింది. కవులు కూడా కొట్టారు. పడుకున్నది తమ కవితేనని ఎవరికీ తోచలేదు, పక్కవాడిదే అనుకున్నారు.

ఆఖరి వరసలో గవర్రాజు కూర్చున్నాడు. చొక్కా జేబులో మడత పెట్టిన కాగితం ఉంది. పోర్టు గేటు ఎదుట ఒక క్లియరింగ్ ఏజెంటు ఆఫీసులో గుమాస్తా ఆయన. అమలాపురం అవతల నుంచి కుర్రతనంలో వచ్చి ఇక్కడే పాతుకుపోయాడు. ఈ ఊళ్లో ఆయన హాజరవని కవి సమ్మేళనం లేదు, ఆయన కవిత పూర్తిగా చదివిన కవి సమ్మేళనమూ లేదు. అందులో ఆయన తప్పేమీ లేదు లెండి. సభకో పద్ధతుంటుంది. ముందు జ్యోతి వెలిగించాలి, ప్రార్థన పాడాలి, పెద్దల్ని పేరుపేరునా వేదిక మీదికి పిలవాలి, దండలు, శాలువాలు, ప్రసంగాలు, జ్ఞాపికలు, వందన సమర్పణ. ఆపైన కవులు. కవుల్లోనూ పేరున్నవాళ్లు ముందు. గవర్రాజు వంతు వచ్చేసరికి బిర్యానీ వాసన హాల్లోకి వచ్చేసి ఉంటుంది, మైకుసెట్టు కుర్రాళ్లు వైర్లు చుడుతూ ఉంటారు.

ఆ రోజూ అంతే జరిగింది. ఆయన గొంతు సవరించుకుని,

"ఓడలొస్తాయి, ఓడలు పోతాయి,
రేవు మాత్రం ఎక్కడికీ పోదు..."

అన్నాడో లేదో, మైకు అబ్బాయి వచ్చి, "సాలు గురూగారు, బాగున్నాది. వైరు కావాలి," అని మర్యాదగా లాక్కుపోయాడు. విశాఖపట్నంలో మైకుసెట్ల వాళ్లకీ, కుర్చీలు మడిచేవాళ్లకీ ఈ రెండు పాదాలూ కంఠతా వచ్చు. మూడో పాదం ఎవరికీ తెలియదు.

ఇంతలో మంత్రిగారి శాఖ స్పెషలాఫీసరు గురునాథరావు గారు పరుగు పరుగున హాల్లోకి వచ్చారు. యాప్‌లో మొట్టమొదటి కవిత ఏదని భోజనాల దగ్గర విలేకరులు మంత్రిగారిని అడిగారట. పెరుగన్నం వచ్చేలోపు చెప్పాలట. తక్కిన కవులంతా చేతిలో పళ్లేలతో వరసలో ఉన్నారు, వాళ్లని కదిలించడం ప్రభుత్వం వల్ల కాలేదు.

"మీరు కవేనా?"

"ఆయ్, కవినేనండి."

"కవిత ఉందా?"

"ఉందండి. చిన్నదేనండి, ఎనిమిది పాదాలు."

"వివాదాలేమైనా ఉన్నాయా అందులో?"

"లేవండి బాబూ. ఓడలున్నాయండి."

"ఓడలు ఫర్వాలేదు," అని గురునాథరావు గారు కాగితానికి ఫొటో తీసుకున్నారు. రాష్ట్ర చరిత్రలో ఇంత పారదర్శకంగా జరిగిన సాహిత్య ఎంపిక మరొకటి లేదు.

మర్నాడు పేపర్లో వచ్చింది. 'రేవు ఎక్కడికీ పోదు: మంత్రి భరోసా' అని హెడ్డింగు.

మల్కాపురంలో మేడమీద రెండు గదుల వాటా గవర్రాజుది. భ్రమరాంబ పేపరు రెండుసార్లు చదివి, కళ్లజోడు పైకెత్తి అడిగింది.

"అందులో మీ పేరేదండీ?"

"యాప్‌లో ఉంటుందిలే."

"ఇంతకీ ఏంటండీ ఆ కవిత? ఓడలొస్తాయి, పోతాయి, రేవు పోదు. తర్వాత?"

"యాప్‌లో చూద్దువుగాని. కదులుతుంది కూడానట."

కాగితం చేతికిచ్చేస్తే సరిపోయేది కదా, ఇంత భాగోతం దేనికీ అంటారా? మీకు పెళ్లయి ఎన్నాళ్లయిందో నాకు తెలియదు. గవర్రాజుకి ముప్పయ్యేళ్లు దాటింది. ఆ కవిత ఆఖరి పాదంలో ఆఖరి మాట భ్రమరాంబ పేరు. ఇన్నేళ్లలో ఆయన ఆవిణ్ని పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు. పెళ్లైన కొత్తలో సిగ్గుపడి 'ఇదిగో' అన్నాడు. సిగ్గు పోయింది, 'ఇదిగో' ఉండిపోయింది. ఎప్పుడో ఒక సభలో చదువుతుంటే ముందు వరసలో కూర్చుని ఆవిడ వింటుందని, అప్పుడు తన నోటితో ఎదురుగా చెప్పక్కర్లేదని ఆయన ఆశ. వింటే ఆఖరిదాకా వినాలి. అదీ చిక్కు.

యాప్ తయారీ చంద్రిక అనే అమ్మాయికి అప్పజెప్పారు. మధురవాడలో చిన్న కంపెనీ పెట్టుకుంది, బొమ్మలు కదిలించడంలో దిట్ట. పోర్టులోకి వచ్చే ఓడ కూత ఎలా ఉంటుందో తెలుసుకుందామని గవర్రాజుని పిలిచి, చేసినంత మేరకు చూపించింది. చీకటి తెర మీద ఓడ నెమ్మదిగా జరుగుతూ వచ్చింది. అక్షరాలు అలల్లా లేచి పాదాలుగా కుదురుకున్నాయి. చివర్న ఓడ కూత, రేవులో ఒక్క దీపం, ఆ దీపం కింద పేరు.

తన కవిత ఇంత బాగుంటుందని గవర్రాజుకీ అప్పుడే తెలిసింది.

"భ్రమరాంబంటే ఎవరంకుల్?"

"మా ఇంట్లోవాళ్లమ్మా."

"ఆంటీకి వినిపించారా?"

"లేదమ్మా. ఇప్పుడు ఉన్నట్టుండి పేరు పెట్టి పిలిస్తే ఒంట్లో బాలేదేమోనని కంగారుపడి ఆస్పత్రికి తీసుకుపోతుంది. ఇందులో చూస్తే అదో దారి."

చంద్రిక నవ్వలేదు. "చూస్తారంకుల్. యాప్ తెరవగానే ఇదే వస్తుంది," అంది. పాపం, చిన్నపిల్ల. ప్రభుత్వంతో పని చెయ్యడం అదే మొదటిసారి.

సర్క్యూట్ హౌస్‌లో రివ్యూ మీటింగు పెట్టారు. మంత్రిగారు, గురునాథరావు గారు, పార్టీ పెద్దలు కొందరు, కవి కనుక గవర్రాజూ. చంద్రిక యాప్ తెరిచింది. ఓడ వచ్చింది, రెండు పాదాలొచ్చాయి. మంత్రిగారు చెయ్యెత్తి ఆపించారు.

"ఏటమ్మా ఇది?"

"కవిత సార్."

"అది తెలుత్తంది. తలుపు తియ్యగానే కవితేటి? సభ నేదు, ఏటీ నేదు. పిలవని పేరంటానికొచ్చినట్టు ఇలగ మీద పడిపోతాదేటి? జనం దడుసుకోరూ!"

గురునాథరావు గారు వెంటనే రాసుకున్నారు. "ప్రోటోకాల్ లోపం, సార్."

"అదీ! నాను సెప్తాను, రాసుకో సెల్లీ. ముందు జ్యోతి వెలగాల. కుందిలో అయిదొత్తులు, సూసేవోడు వేలెట్టి ఒక్కోటీ వెలిగించాల. తర్వాత వేదిక. కుర్సీలు. మజ్జిలో నాను."

"సార్, ఇది పొయెట్రీ యాప్..."

"కాదన్నానేటి? వేదికెనకాల బేనరు మీద కవితనే రాయిద్దాం."

అలా యాప్ అభివృద్ధి చెందింది. మంత్రిగారి బొమ్మకి శాలువా కప్పాలి, అది వాడుకరే వేలితో లాగి భుజాల మీదికి తేవాలి. పక్కకి జారితే మళ్లీ మొదలు. తర్వాత దండ, తర్వాత జ్ఞాపిక, తర్వాత మంత్రిగారి ప్రసంగం, పెదాలతో సహా కదులుతూ.

"స్కిప్ బటన్ ఎక్కడ పెట్టమంటారు సార్?" అని చంద్రిక వినయంగా అడిగింది.

ఆ మాట అంతకు ముందు ఎవరూ మంత్రిగారి ఎదుట అని ఉండరు.

"నా ప్రసంగం మజ్జిలో ఎవులైనా లేచెల్లిపోతారేటి?"

"ఎవరూ వెళ్లరు సార్," అన్నారు గురునాథరావు గారు. "తలుపులు వేయిస్తాం కదా."

ఆ సూత్రమే యాప్‌కీ వర్తింపజేశారు. మధ్యలో మూసేస్తే మళ్లీ జ్యోతి దగ్గర్నుంచీ మొదలవుతుంది.

సంగతి బయటికి పొక్కాక వేదిక మీద కుర్చీ కోసం పార్టీ ఆఫీసులో కొట్లాటలయ్యాయి. వార్డు నాయకులొచ్చారు, వాళ్ల బావమరుదులొచ్చారు. కాదంటే ఒకరికి కోపం, ఔనంటే ఇంకొకరికి. చివరికి చంద్రిక తల పట్టుకుని, "ఇంతమంది వేదికెక్కితే మామూలు ఫోన్లు తట్టుకోలేవు సార్, హ్యాంగయిపోతాయి," అని మొరపెట్టుకుంది.

మంత్రిగారు ఎంతో పెద్ద మనసుతో, "నిజం వేదికలే కూలిపోతన్నాయమ్మా, ఫోనెంత! కూలితే కూలనీ, ఎవుల్నీ దింపొద్దు," అన్నారు.

గవర్రాజు ధైర్యం కూడగట్టుకుని లేచాడు. "అయ్యా, కవిత... ఎక్కడొస్తుందండి?"

"ఎక్కడికి పోతాది బావా!" మంత్రిగారు ఆప్యాయంగా భుజం తట్టారు. "నీ రేవు లాంటిదే. వందన సమర్పణైపోయాక వత్తాది. కవులెప్పుడూ ఆకర్నే గదా."

"ఒక్కటి మరిచిపోయాం సార్," అన్నారు గురునాథరావు గారు. అనుభవజ్ఞుడైన అధికారి అని ఊరికే అనిపించుకోరు. "వందన సమర్పణ అయిన వెంటనే 'భోజనాలు సిద్ధంగా ఉన్నాయి' అన్న ప్రకటన రావాలి. అది లేకపోతే సభ ముగిసిందని జనానికెలా తెలుస్తుంది?"

"శెబాష్," అన్నారు మంత్రిగారు.

ప్రకటన కింద 'సరే' అని ఒక్కటే మీట. అది నొక్కితే యాప్ మూసుకుపోతుంది. నొక్కకుండా ఓపిగ్గా కూర్చుంటే కవిత వస్తుంది. ఇది చంద్రిక ఎవరికీ చెప్పకుండా గవర్రాజు కోసం చేసిన ఏర్పాటు.

ఆవిష్కరణ సభ అదే హాల్లో జరిగింది. భ్రమరాంబ ధర్మవరం పట్టుచీర కట్టుకుని, జడలో కనకాంబరాలు పెట్టుకుని వచ్చింది. గవర్రాజుకి రాత్రంతా నిద్ర లేదు. భార్యని ముందు వరసలో కూర్చోబెట్టి, "ఇదిగో, ఏమైనా సరే ఆఖరిదాకా లేవకు," అని మరీ మరీ చెప్పాడు.

మంత్రిగారు నిజం జ్యోతి వెలిగించి, ఆపైన తెరమీది జ్యోతి వెలిగించారు. నిజం వేదిక మీద నిజం శాలువా కప్పించుకుని, బొమ్మ వేదిక మీద బొమ్మకి స్వహస్తాలతో శాలువా కప్పుకున్నారు. మంత్రిగారి ప్రసంగానికి బొమ్మ చప్పట్లు కొట్టింది, బొమ్మ ప్రసంగానికి మంత్రిగారు కొట్టారు. ఇద్దరూ ఒకే సంగతి చెప్పడం వల్ల ప్రభుత్వ విధానాల్లో స్థిరత్వం ఉందని అందరికీ అర్థమైంది.

తర్వాత తెర మీద 'భోజనాలు సిద్ధంగా ఉన్నాయి' అని పడింది.

అంతే, హాలు లేచింది. గవర్రాజు గోడ పక్కన నిలబడి భార్యకేసి చేతులూపుతున్నాడు, కూర్చో, కూర్చో అని. భ్రమరాంబ కూర్చునే ఉండేది పాపం. పక్కనున్నావిడ ఊరుకుంటేగా! "లెగమ్మా లెగు, ఆలీసమైతే పూర్ణాలు అయిపోతాయి," అని చెయ్యి పట్టి లాక్కుపోయింది. ఖాళీ కుర్చీల ఎదుట చీకటి తెర మీద ఓడ బయల్దేరింది. రెండు పాదాలు పడ్డాయి. ప్రొజెక్టరు కుర్రాడు ప్లగ్గు పీకి, "గురూగారు, ఇది మీదే గదా? నాకు కంఠతా వచ్చేసింది," అని నవ్వాడు.

ఇంటికెళ్తూ బస్సులో భ్రమరాంబ, "బాగా కదిలిందండీ," అంది. "మంత్రిగారి శాలువా అంచు భలే కదిలింది."

గవర్రాజు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఏడుపొచ్చినంత పనైంది.

యాప్ మాత్రం ఘన విజయం సాధించింది. శాలువా జారకుండా కప్పడంలో పిల్లలు పోటీలు పడ్డారు. 'ఉత్తమ డిజిటల్ కవిత్వ వేదిక' అని ఢిల్లీలో ఎవరో అవార్డు కూడా ఇచ్చారు. ఇచ్చినవాళ్లు భోజనాల ప్రకటన దాకా చూశారని మంత్రిగారు సగర్వంగా ప్రకటించారు.

భ్రమరాంబ ఇంట్లోనూ చూసింది. ప్రయత్నలోపం లేదావిడది. పప్పు పొయ్యి మీద పెట్టి జ్యోతి వెలిగిస్తే, ప్రసంగం మధ్యలో కుక్కరు కూత పెట్టేది. మర్నాడు మళ్లీ జ్యోతి. ఒకరోజు ప్రసంగం గట్టెక్కితే వేదిక కూలి ఫోను నిలిచిపోయింది. ఇంకోరోజు అన్నీ దాటుకుని భోజనాల ప్రకటన దాకా వచ్చింది. గవర్రాజు గుమ్మంలో ఊపిరి బిగపట్టి నిలబడ్డాడు.

"భోజనాలట," అని ఆవిడ 'సరే' నొక్కేసి లేచింది. "రండి, వడ్డిస్తాను. కవిత రేపు చూద్దాం."

అలా ఉండగా స్థానిక ఎన్నికలు వచ్చిపడ్డాయి. కోడ్ అమల్లోకి వచ్చింది. తెల్లారేసరికి ఊళ్లో విగ్రహాలకి ముసుగులు పడ్డాయి, సింహాచలం వెళ్లే దారిలో మంత్రిగారి కటౌట్‌ని గోనెపట్టాలో చుట్టేశారు. యాప్ సంగతి ఎవరికో గుర్తొచ్చి ఫిర్యాదు చేశారు. గురునాథరావు గారికి తలప్రాణం తోకకొచ్చింది. ముందు యాప్‌లో మంత్రిగారి బొమ్మకీ ముసుగు వేయించారు. ముసుగు మీద శాలువా కప్పడం కూడా ఉల్లంఘనేనని ఎన్నికల వాళ్లు తేల్చారు.

"అంతా తీసెయ్యమ్మా," అన్నారాయన చంద్రికకి ఫోన్ చేసి. "నాయకులు ఉన్నదేదీ ఉండకూడదు. వేదిక, ప్రసంగం, జ్ఞాపికలు."

"జ్యోతి సార్?"

"వెలిగించేది మంత్రిగారి చెయ్యి. తీసెయ్."

"భోజనాలు?"

"అమ్మో! అది ఓటర్లని ప్రలోభపెట్టడం. ముందు అది తీసెయ్."

చంద్రిక చెప్పినవన్నీ తీసేసింది. తీసెయ్యమని ఎవరూ చెప్పనిది ఒక్కటే మిగిలింది.

మర్నాడు సాయంత్రం గవర్రాజు దంపతులు పూర్ణా మార్కెట్‌కి వెళ్లారు. చింతపండు కొనే దుకాణం నూకాలుది. భ్రమరాంబకి పాత స్నేహితురాలు.

"ఏదమ్మా, మీ ఆయన యాప్ అన్నావు గదా, ఆ శాలువా ఆటేటో ఒకపాలి సూపించు," అంది నూకాలు.

"చూపిస్తానుండు," అని భ్రమరాంబ ఫోను తీసి యాప్ తెరిచింది. గవర్రాజు సంచి పట్టుకుని బేరాల గోలలో నిలబడ్డాడు. ఆయనకేమీ తెలియదు.

జ్యోతి రాలేదు. చీకటి తెర మీద ఓడ వచ్చింది.

"శాలువా ఏదమ్మా?"

"ఉండవే, ఒక్క నిమిషం," అంది భ్రమరాంబ. చదువుతూ పెదాలు కదిపింది.

ఓడలొస్తాయి, ఓడలు పోతాయి,
రేవు మాత్రం ఎక్కడికీ పోదు.
గాలివానలో దారి తప్పి వచ్చినా
ఆలస్యమెందుకని అడగదు.
లోపలికొచ్చే ప్రతి ఓడా
కూత వేసి రేవుని పలకరిస్తుంది.
నేనే, ఇన్నేళ్లుగా వస్తూ పోతూ,
పేరు పెట్టి ఒక్కసారీ పిలవలేదు, భ్రమరాంబా.

ఫోనులోంచి ఓడ కూత వినిపించింది. మార్కెట్ గోలలో అదేమంత పెద్ద చప్పుడు కాదు. గవర్రాజు ఉలిక్కిపడి తిరిగి చూశాడు. భ్రమరాంబ కొంగుతో కళ్లజోడు తుడుచుకుంటోంది. కళ్లు తుడుచుకోవడం మరిచిపోయింది.

"ఏటమ్మా, ఏటయ్యింది?" అని నూకాలు కంగారు పడింది.

"ఏం లేదే. చింతపండు తూచు," అంది భ్రమరాంబ. నాలుగడుగులు వేశాక మొగుడితో మెల్లిగా అంది. "ఏవండీ, ఆఖరి మాట ఓసారి నోటితో అనండి."

"ఇక్కడా!" గవర్రాజు చుట్టూ చూశాడు. ఉల్లిపాయల బస్తాలు, ఆటోలు, జనం. చెవుల దాకా ఎర్రబడ్డాడు. "దారిలోనా? బస్సెక్కాక మళ్లీ చూసుకుందువుగాని. యాప్‌లో ఉంది కదా, ఎక్కడికి పోతుంది!"

ఆయన జీవితంలో అంత సంతోషంగా ఎప్పుడూ లేడు. బస్టాపులో ఉండగానే గురునాథరావు గారి దగ్గర్నుంచి ఫోనొచ్చింది.

"ఏమయ్యా కవీ, నీకేమైనా తెలుసా? పొద్దుట్నుంచీ ఫిర్యాదులే ఫిర్యాదులు! యాప్ తెరిస్తే కవిత వచ్చేస్తోందట. నిన్నటిదాకా బాగానే ఉండేది. మంత్రిగారు అగ్గి మీద గుగ్గిలమైపోతున్నారు. ఇంకేమీ లేదుట అందులో, ఒఠ్ఠి కవితేనట!"

"ఆయ్, అలాగాండి," అన్నాడు గవర్రాజు. ఆపుకోలేక నవ్వాడు కూడా.

"నవ్వుతావేంటయ్యా? ఉండు, ఇప్పుడే సరిచేయిస్తున్నాను," అని ఆయన ఫోను పెట్టేశారు.

మల్కాపురం బస్సు వచ్చింది. అదృష్టం కొద్దీ ఇద్దరికీ పక్కపక్కనే సీట్లు దొరికాయి. చింతపండు సంచి ఒళ్లో పెట్టుకుని భ్రమరాంబ యాప్ మళ్లీ తెరిచింది. తెర మీద ఓడ లేదు. తెల్లటి తెర, నల్లటి అక్షరాలు. కళ్లజోడు సర్దుకుని, కూడబలుక్కుంటూ పైకే చదివింది.

"సాంకేతిక లోపం కారణంగా యాప్ తెరవగానే కవిత కనిపిస్తున్నందున, సేవలను తాత్కాలికంగా నిలిపివేయడమైనది. అసౌకర్యానికి చింతిస్తున్నాము."

బస్సు కదిలింది. భ్రమరాంబ ఫోనుని చేతిసంచిలో వేసి, జిప్పు లాగి, మొగుడి వైపు తిరిగి కూర్చుంది.

"ఊఁ, ఇప్పుడు చెప్పండి."